సెలవుల్లో కొలనోస్కోపీ: పెట్టుకుంటే మొదటి వారంలోనే పెట్టుకోండి

అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద హైదరాబాద్ వచ్చేవాళ్ళ పనుల చిట్టాలో పంటి డాక్టరు, కళ్ళజోడు, మాస్టర్ హెల్త్ చెకప్ పక్కన ఇప్పుడు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) కూడా చేరింది. చేరడం మంచిదే. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం పేగు గోడ మీద చిన్న పాలిప్‌గా, అంటే కండ బొడిపెగా, మొదలవుతాయి. అది క్యాన్సర్‌గా మారడానికి ఏళ్ళు పడుతుంది, తరచుగా పదేళ్ళ దాకా. ఈలోపు పాలిప్‌ని తీసేస్తే ఆ క్యాన్సర్ రాకుండానే పోతుంది. ఇబ్బందల్లా ఆ పరీక్ష ఎప్పుడు పెట్టుకుంటున్నారన్నదే. పెళ్ళి, తిరుపతి, షాపింగ్ అన్నీ అయ్యాక, విమానం ఎక్కబోయే ముందు మిగిలిన రెండు రోజుల్లో ఇరికిస్తున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: సెలవులో కొలనోస్కోపీ చేయించుకోదలిస్తే దిగిన నాలుగో రోజుకీ ఏడో రోజుకీ మధ్య అయిపోవాలి. అలా కుదరకపోతే ఆ ట్రిప్పులో దాని ఊసే ఎత్తవద్దు.

అసలు ఇక్కడ చేయించుకోవాల్సిన అవసరం ఎవరికుందో ముందు చూద్దాం. అమెరికాలో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2021 మేలో స్క్రీనింగ్ (ఏ లక్షణమూ లేనివాళ్ళకి ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష) మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి తగ్గించింది. దాంతో అక్కడి చట్టం ప్రకారం చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు 45 దాటినవాళ్ళకి నెట్‌వర్క్‌లోని డాక్టరు చేసే స్క్రీనింగ్ కొలనోస్కోపీని కోపే, డిడక్టబుల్ (మన జేబులోంచి కట్టే వాటాలు) లేకుండా భరించాలి. మధ్యలో పాలిప్ కనబడి తీసినా అది స్క్రీనింగ్ కిందికే వస్తుంది. మలంలో రక్తం చూసే పరీక్ష పాజిటివ్ వచ్చాక చేసే కొలనోస్కోపీకి కూడా, 2022 మే 31 తర్వాత మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి ఇదే నియమం. కాబట్టి కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్న 46 ఏళ్ళ మనిషి డాలస్‌లో పైసా ఖర్చు లేకుండా అయ్యే పనిని సెలవులో ఇరికించుకుని, డబ్బు కట్టి, ఆ తర్వాత ఏదైనా తేడా వస్తే చూసే డాక్టరుకి వేల కిలోమీటర్లు దూరమైపోవడంలో అర్థం లేదు. రెండు రోజులు సెలవు పెట్టి అక్కడే చేయించుకోండి.

మలంలో రక్తం పడుతోంది, కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ తగ్గింది, మలవిసర్జన తీరు వారాల తరబడి మారిపోయింది అంటే అది స్క్రీనింగ్ కాదు. అప్పుడు డిడక్టబుల్ పడుతుంది, నిజమే. ఆ డబ్బుకి జడిసి డిసెంబర్ ట్రిప్పు దాకా ఆగడం మాత్రం ప్రమాదం.

హైదరాబాద్ నిజంగా అక్కరకొచ్చేది వేరేవాళ్ళకి. పిల్లల దగ్గర ఆరునెలలు ఉండటానికి విజిటర్ వీసా మీద వెళ్ళబోతున్న అమ్మానాన్నలు మొదటివాళ్ళు. విజిటర్ ఇన్సూరెన్సులు స్క్రీనింగ్‌కి ఇవ్వవు. అక్కడికెళ్ళాక రక్తం కనబడితే, ఇది ముందునుంచీ ఉన్న జబ్బేనా కాదా అన్న వాదనతోనే రోజులు గడిచిపోతాయి. వాళ్ళు బయల్దేరడానికి నెల ముందే ఇక్కడ చేయించుకోవడం ఎంతో మేలు. ఉద్యోగం మారుతూ ఇన్సూరెన్స్ లేనివాళ్ళు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు తర్వాతివాళ్ళు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ ప్రభుత్వ కార్యక్రమం 50 నుంచి 74 ఏళ్ళవాళ్ళకి రెండేళ్ళకోసారి మలపరీక్ష కిట్ ఇంటికి పంపుతుంది, అందులో తేడా వస్తేనే కొలనోస్కోపీ. 45 ఏళ్ళకే నేరుగా కొలనోస్కోపీ కావాలంటే ప్రైవేటుకి పోవాలి, లేదా ఇక్కడికి రావాలి.

ఆ మలపరీక్షను తక్కువగా చూడకండి. ఫిట్ అనే ఈ పరీక్ష మనిషి రక్తాన్ని మాత్రమే పట్టుకుంటుంది, ముందు రోజు మాంసం తిన్నా ఫలితం చెడదు. అమెరికా పద్ధతిలో దాన్ని ఏడాదికోసారి చేయించుకుంటే అదీ గుర్తింపు ఉన్న స్క్రీనింగే. కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ లేక, ఏ లక్షణమూ లేక, మూడు వారాల సెలవులో ఒక వారం ఖాళీ చేసుకోలేనివాళ్ళకి నేను చెప్పేది ఇదే: ఉన్న ఊళ్ళోనే ఫిట్ చేయించుకోండి, ఈ ట్రిప్పు ట్రిప్పులాగే ఉండనివ్వండి.

ఇక హైదరాబాద్ సంగతి. ఎండోస్కోపీలో ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలుసు. ఇక్కడి ఏఐజీ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. చేయి తిరిగిన డాక్టర్లకి ఇక్కడ కొదవలేదు. అయితే మన దేశంలో ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకే ఉంది, పెద్దపేగుకి లేదు. అందుకే ఇక్కడ కొలనోస్కోపీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏదో బాధతో వచ్చేవాళ్ళే. ఓపీలో కూర్చోగానే "ఏం ఇబ్బంది?" అని అడుగుతారు. ఏమీ లేదంటే "మరెందుకమ్మా?" అనే డాక్టర్లూ ఉంటారు. "45 దాటాయి, స్క్రీనింగ్ కోసం వచ్చాను, పాలిప్ కనబడితే అప్పుడే తీసేయండి" అని మొదటే స్పష్టంగా చెప్పండి. ఆ చివరి మాట చాలా ముఖ్యం. కొన్నిచోట్ల ప్యాకేజీలో చూడటం వరకే ఉంటుంది. పాలిప్ కనబడితే ఒక ముక్క బయాప్సీ తీసి, మిగతాది అక్కడే వదిలేసి, తీయడానికి ఇంకో రోజు రమ్మంటారు. అంటే మళ్ళీ పేగు కడగాలి, మళ్ళీ మత్తు, మళ్ళీ బిల్లు. ఆ ఇంకో రోజు చివరి వారంలో పడితే ఇక చెప్పేదేముంది.

ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి. కొలనోస్కోపీ, మత్తు డాక్టరు ఫీజు, పాలిప్ తీసే ఛార్జి, స్నేర్ (పాలిప్‌ని కోసే తీగ ఉచ్చు), గాయం మూసే క్లిప్పులు ఒక్కోదానికి ఎంత, ఒక్కో బయాప్సీ సీసాకి పాథాలజీ (తీసిన ముక్కకి ల్యాబు పరీక్ష) ఎంత అన్నవి విడివిడిగా ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు చూపిస్తే ఇంటర్నేషనల్ పేషెంట్ విభాగానికి పంపి వేరే రేటు వేసే ఆసుపత్రులున్నాయి. ఓసీఐ కార్డున్నవాళ్ళకి ఏ రేటో ముందే ఈమెయిల్‌లో అడిగి పెట్టుకోండి. అమెరికా హెచ్‌ఎస్‌ఏ ఖాతా (వైద్యం కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉన్నవాళ్ళు ఈ ఖర్చు అందులోంచి తీసుకోవచ్చు, చట్టబద్ధమైన వైద్యం విదేశంలో చేయించుకున్నా చెల్లుతుంది. బిల్లు మీద పేరు, తేదీ, చేసిన పని వివరంగా ఉండాలి, అంతే.

డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. స్కోపు సీకమ్ దాకా, అంటే పెద్దపేగు మొదలు దాకా, నూటికి ఎన్నిసార్లు చేరుతుంది? 95 దాటాలి. వెనక్కి తీస్తూ గోడలు చూడటానికి సగటున ఎంతసేపు తీసుకుంటారు? చాలాకాలం 6 నిమిషాలు కనీసం అనేవారు, అమెరికా సంఘాలు 2024లో దాన్ని 8 చేశాయి. పేగు ఉబ్బించడానికి గాలి వాడతారా, కార్బన్ డయాక్సైడ్ వాడతారా? రెండోది త్వరగా రక్తంలోకి ఇంకిపోతుంది, తర్వాత కడుపు ఉబ్బరం, నొప్పి తక్కువ. స్నేరూ బయాప్సీ ఫోర్సెప్సూ (ముక్క తీసే పట్టకారు) ఒక్కసారి వాడి పారేసేవేనా? ఎడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్) ఎంతమందిలో కనిపెడతారన్న అంకెను అమెరికా లెక్కతో పోల్చి ఇక్కడి డాక్టరుని తూచవద్దు. మన దేశంలో ఈ పాలిప్పులే తక్కువ, ఆ అంకె తక్కువ ఉన్నంత మాత్రాన చేతకానితనం కాదు.

పరీక్ష బాగా జరగడం, జరగకపోవడం సగానికి పైగా పేగు శుభ్రం మీదే ఆధారపడుతుంది. సెలవులో వచ్చినవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఇరవై నాలుగు గంటల ప్రయాణం, నిద్రలేమి, తక్కువ నీళ్ళు, ఇంట్లో బంధువులు పెట్టే భోజనాలు కలిసి మొదటి మూడు రోజులు మలబద్ధకంలోకి నెట్టేస్తాయి. అందుకే నాలుగో రోజుకి ముందు వద్దన్నాను. కడుపు ఇన్‌ఫెక్షన్ తగిలి విరేచనాలు మొదలైతే అది తగ్గేదాకా వాయిదా వేయాలి. ఆ వాపు మీద చూస్తే లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది.

పరీక్షకి మూడు రోజుల ముందు నుంచి పీచు ఆపాలి. గోంగూర, తోటకూర, మునక్కాడ, బెండకాయ, వంకాయ, జామ, రాగి, జొన్నరొట్టె, నువ్వులు, పల్లీలు ఏవీ వద్దు. చాలామందికి తట్టనిది పోపు. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పేగులో రోజుల తరబడి ఉండిపోతాయి. ఆవగింజలు స్కోపులోని పీల్చే గొట్టానికి అడ్డం పడితే డాక్టరు దాన్ని శుభ్రం చేసుకోవడంతోనే సమయం పోతుంది, గోడలు చూడటానికి కాదు. తెల్లన్నం, పోపు లేని పెరుగన్నం, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, చేప, తొక్కతీసిన బంగాళదుంప సరిపోతాయి. సాత్ ఇసబ్‌గోల్ ఆపేయండి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, అవి మలాన్ని నల్లగా, బంకగా చేసి గోడలకి అంటిస్తాయి. ముందు రోజు పూర్తిగా పారదర్శకమైన ద్రవాలే: కొబ్బరినీళ్ళు, వడగట్టిన పలుచని చారు, పాలు లేని టీ, ఓఆర్‌ఎస్. మజ్జిగ ఈ జాబితాలోకి రాదు. దానిమ్మ, బీట్‌రూట్, ఎర్ర షర్బత్‌లు రక్తంలా కనబడతాయి కాబట్టి అవీ వద్దు.

మందు విషయంలో నా పట్టుదల ఒకటే: పాలీఇథిలీన్ గ్లైకాల్ మందు అడగండి. ఇక్కడ పెగ్లెక్ పేరుతో ఎక్కువగా దొరుకుతుంది. 137.15 గ్రాముల పొడిని రెండు లీటర్ల నీళ్ళలో కలపాలి. కొన్నిచోట్ల ఇప్పటికీ సోడియం ఫాస్ఫేట్ ద్రావణం రాస్తున్నారు. అది చిన్న సీసా, తాగడం తేలిక, అందుకే ఇష్టపడతారు. కానీ అది మూత్రపిండాలని దెబ్బతీయగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే అక్కడి ఫాస్ఫేట్ మాత్రల మీద తీవ్ర హెచ్చరిక పెట్టించింది. కిడ్నీ సమస్య, గుండె బలహీనత ఉన్నవాళ్ళు, బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి, నీరుపోయే మాత్రలు వేసుకునేవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు దాని జోలికి పోకూడదు. పైగా అది పేగు గోడ మీద చిన్న పుండ్లు తెప్పించగలదు, అవి క్రోన్స్ అనే పేగువాపు జబ్బులా కనబడి అనవసరమైన బయాప్సీలకి దారితీస్తాయి.

రెండు లీటర్లూ ముందు రోజు సాయంత్రమే తాగేయడం ఇక్కడ మామూలు. అలా చేస్తే రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు జారి పెద్దపేగు కుడివైపు గోడల మీద పూతలా పరుచుకుంటుంది. పలకల్లా అణిగి ఉండే, కనిపెట్టడం కష్టమైన పాలిప్పులు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున. పరీక్షకి 4 నుంచి 6 గంటల ముందు రెండో లీటరు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందు ముగించాలి. కొందరు మత్తు డాక్టర్లు ఇంకా ముందే ఆపమంటారు, అడిగి తెలుసుకోండి. ఉదయం ఏడింటి స్లాట్ ఇస్తే రెండో లీటరు కోసం అర్ధరాత్రి దాటాక లేవాలి, చాలామంది లేవరు. పది, పదకొండు గంటల స్లాట్ అడగండి. మందుని ఫ్రిజ్‌లో చల్లబరిచి, 250 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున పావుగంటకొకటి తాగండి. వాంతి వస్తే అరగంట ఆగి నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. చివరికి వచ్చేది మూత్రంలా లేత పసుపుగా, నలకలు లేకుండా ఉండాలి. గోధుమరంగులోనే ఉంటే దాచకండి, ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. ఇంకో లీటరు తాగిస్తారు, లేదా స్లాట్ మధ్యాహ్నానికి మారుస్తారు. మరో మాట, ఆ రాత్రి పదిమంది బంధువులున్న ఇంట్లో ఉండకండి. ఆసుపత్రికి దగ్గరలో, మీకంటూ ఒక బాత్రూం ఉన్నచోట ఉండండి.

మీరు వాడే మందుల చీటీ పట్టుకుని నాలుగైదు రోజుల ముందే డాక్టరుని కలవాలి. ఆస్పిరిన్ సాధారణంగా ఆపనక్కర్లేదు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సబాన్ లాంటివి ఎన్ని రోజులు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో మీ గుండె డాక్టరు చెప్పాలి, సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు మూడు రోజుల ముందు ఆపాలి, ఉపవాసంలో అవి చక్కెర పెరగకుండానే కీటోఎసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాద స్థితి) తెప్పించగలవు. షుగరుకో బరువు తగ్గడానికో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, దానివల్ల కడుపు త్వరగా ఖాళీ అవ్వదు, మత్తులో కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పరీక్ష మాత్రం చిన్నదే. పెద్ద ఆసుపత్రుల్లో ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇస్తారు, లేచేసరికి అరగంట గడిచి ఉంటుంది. వెంట ఒక మనిషి ఉండాలి, 24 గంటలు బండి నడపకూడదు.

పాలిప్ దొరికితే దాని సైజే తర్వాతి కథంతా నడిపిస్తుంది. 10 మిల్లీమీటర్ల లోపువి కరెంటు వాడకుండా స్నేర్‌తోనే కోసేస్తారు, ఆలస్యంగా రక్తం పడటం వీటిలో చాలా అరుదు. 20 మిల్లీమీటర్లు దాటి, కుడివైపు ఉన్నవాటి సంగతి వేరు. 2019లో వచ్చిన అధ్యయనంలో అలాంటివి తీశాక గాయాన్ని క్లిప్పులతో మూయనివాళ్ళలో దాదాపు నూటికి పదిమందికి తర్వాత తీవ్రంగా రక్తం పడింది, మూసినవాళ్ళలో సుమారు ముగ్గురికే. ఈ రక్తస్రావం రెండు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. మామూలు స్క్రీనింగ్‌లో పేగుకి రంధ్రం పడేది పది వేలలో సుమారు ముగ్గురికి, తీవ్ర రక్తస్రావం సుమారు పదిహేనుమందికి. తక్కువే. కానీ హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం లేదు, దోహాలోనో దుబాయ్‌లోనో మారి, ఇరవై గంటలకు పైగా ప్రయాణం. ఆ పదిహేనులో మీరొకరైతే సముద్రం మీద ఎవరూ ఏమీ చేయలేరు.

పాలిప్ తీయకపోయినా 24 గంటలు విమానం ఎక్కవద్దని బ్రిటన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ సలహా. క్యాబిన్‌లో పీడనం తగ్గి, పేగులో మిగిలిన గాలి మూడో వంతు దాకా వ్యాకోచించవచ్చు. పెద్ద పాలిప్ తీస్తే రెండు వారాలు ఆగాలి. మొదటి వారంలో చేయించుకోమని నేను ఇంతగా అంటున్నది ఈ రెండు వారాల కోసమే. మూడు వారాల సెలవులో అవి మిగలాలంటే వేరే దారి లేదు. 20 మిల్లీమీటర్లు దాటిన పాలిప్ సెలవు చివర్లో బయటపడితే హడావుడిగా కోయించుకోకండి. ఫోటోలు తీయించి, దానికి కాస్త దూరంగా ఇంకుతో గుర్తు పెట్టించి, తిరిగెళ్ళాక అక్కడి నిపుణుడి చేత తీయించుకోండి. దాన్నుంచి నాలుగైదు ముక్కలు బయాప్సీ తీయనివ్వవద్దు, ఆ గాయాలు మచ్చకట్టి తర్వాత మొత్తంగా తీయడం కష్టమవుతుంది.

చివరిగా కాగితాలు. "కొలనోస్కోపీ నార్మల్" అన్న ఒక్క లైను రిపోర్టు అమెరికాలో ఎందుకూ కొరగాదు. సీకమ్ చేరినట్టు అపెండిక్స్ రంధ్రం ఫోటో, పేగు శుభ్రానికి బోస్టన్ స్కేల్ మార్కులు, వెనక్కి తీసిన సమయం, ప్రతి పాలిప్ ఎక్కడ ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, దేంతో తీశారు, పూర్తిగా వచ్చిందా అన్నవన్నీ ఉండాలి. బోస్టన్ స్కేల్‌లో పేగు మూడు భాగాలకీ ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, ఏ భాగానికైనా 2 కన్నా తక్కువ వస్తే ఏడాదిలోపు మళ్ళీ చేయించుకోవాల్సిందే. ఆ అంకె లేకపోతే అక్కడి డాక్టరు మీ పరీక్షని పూర్తిగా నమ్మలేడు. వేర్వేరు చోట్ల తీసిన పాలిప్పులు వేర్వేరు సీసాల్లో పాథాలజీకి వెళ్ళాలి. అన్నీ ఒకే సీసాలో వేస్తే అందులో ఒకటి క్యాన్సర్ అని తేలినా అది ఎక్కడిదో చెప్పలేరు. క్లిప్పు వేస్తే దాని కంపెనీ, మోడల్ రాయించుకోండి, తర్వాత ఎంఆర్‌ఐకి వెళ్ళినప్పుడు మొదట అడిగేది అదే. పాథాలజీ రిపోర్టుకి వారం దాకా పట్టవచ్చు. అందులో ఏదైనా తేడా ఉంటే పారాఫిన్ బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో భద్రపరిచిన దిమ్మలు), స్లైడ్లు అర్జీ ఇచ్చి తీసుకోండి. మీరు ఊళ్ళో ఉండగా అడిగితే ఒక పూట పని, వెళ్ళాక అడిగితే బంధువుల్ని తిప్పాలి.

తర్వాతి పరీక్ష ఎప్పుడన్నది ఆ పాథాలజీతోనే తేలుతుంది. శుభ్రమైన పేగులో ఏమీ లేకపోతే పదేళ్ళకి. 10 మిల్లీమీటర్ల లోపు మామూలు ఎడినోమాలు ఒకటో రెండో ఉంటే 7 నుంచి 10 ఏళ్ళకి, మూడో నాలుగో ఉంటే 3 నుంచి 5 ఏళ్ళకి. 10 మిల్లీమీటర్లకి తగ్గనిది ఒక్కటున్నా, పాథాలజీలో విల్లస్ అనో హైగ్రేడ్ డిస్‌ప్లాసియా అనో (రెండూ క్యాన్సర్ వైపు ఎక్కువ మొగ్గే రకాలు) రాసినా 3 ఏళ్ళకి. ఇవి అమెరికా లెక్కలు. ఇక్కడి డాక్టరు జాగ్రత్త కొద్దీ ఏడాదికే రమ్మన్నా, అక్కడి డాక్టరుతో ఈ కాగితాలు పెట్టుకుని మాట్లాడి నిర్ణయించుకోండి.

10 మిల్లీమీటర్లకి తగ్గని, లేదా విల్లస్, హైగ్రేడ్ అని రాసిన పాలిప్ మీకుంటే ఆ రిపోర్టు మీ ఒక్కరిదే కాదు. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు 45 దాకా ఆగకూడదు, 40కే మొదలుపెట్టాలి. ఇంట్లో ఎవరికైనా క్యాన్సరే వచ్చి ఉంటే, వాళ్ళకి వచ్చిన వయసు కన్నా పదేళ్ళ ముందు, లేదా 40కి, ఏది ముందైతే అప్పుడు. విజయవాడలో ఉన్న తమ్ముడికీ, మెల్‌బోర్న్‌లో ఉన్న చెల్లెలికీ రిపోర్టు కాపీ పంపించండి. వాళ్ళ డాక్టరు మొదట అడిగేది మీ పాలిప్ సైజూ, పాథాలజీలో రాసిన పేరూ, అప్పటికి మీ వయసూనే.